చంద్రుడు గుడ్డయితే బరువెందుకు పెరిగినట్టు? 'డాక్టర్ హూ' ఎపిసోడ్ మీద ఒక సందేహం

ఫిజిక్స్ టీచర్, నల్గొండ జిల్లా:

అందరికీ నమస్కారం అండి. మా బడిలో శనివారం సైన్స్ క్లబ్ ఉంటుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఓ నలభై మంది వస్తారు. ఈసారి పాఠం పక్కనపెట్టి, టీవీలో వచ్చిన ఒక కథ చెప్పి, అందులో తప్పులు వాళ్లచేతే పట్టిద్దామని అనుకున్నాను. తీసుకున్నది బీబీసీ వాళ్ల 'డాక్టర్ హూ'లో 'కిల్ ద మూన్' ఎపిసోడ్. 2014 అక్టోబర్ 4న వచ్చింది. డాక్టర్ అంటే కాలంలో తిరిగే హీరో, ఆ వేషంలో పీటర్ కపాల్డి.

చూడనివాళ్ల కోసం కథ. 2049లో చంద్రుడి బరువు ఉన్నట్టుండి పెరిగిపోతుంది. భూమ్మీద సముద్రాలు పొంగి జనం చచ్చిపోతుంటారు. పాత స్పేస్ షటిల్ ఒకటి బయటికి తీసి, అందులో వంద అణుబాంబులు పెట్టి వ్యోమగాముల్ని పంపిస్తారు. అదే సమయానికి డాక్టర్, అతనితో తిరిగే క్లారా, కోర్ట్నీ అనే బడిపిల్ల కూడా అక్కడ దిగుతారు. చంద్రుడి మీద గెంతుకుంటూ నడవాల్సిన వాళ్లు మన వీధిలో నడిచినట్టు నడుస్తుంటారు. సాలీళ్లలాంటివి వచ్చి మీద పడతాయి. చివరికి తేలేది ఏమిటంటే, చంద్రుడు ఒక గుడ్డు, లోపల పిల్ల ఉంది! దాన్ని చంపాలా వద్దా అని క్లారా భూమ్మీద జనాన్ని అడుగుతుంది. చంపమంటే లైట్లు ఆర్పండి, వద్దంటే అలాగే ఉంచండి అంటుంది. లైట్లన్నీ ఆరిపోతాయి. అయినా ఆమె బాంబుల్ని ఆపేస్తుంది. పిల్ల బయటికొచ్చి, ఉన్నచోటే కొత్త గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది.

పెరిగిన బరువు 130 కోట్ల టన్నులని డాక్టర్ చెప్తాడు. అంత పెరిగితే నిజంగా గురుత్వం భూమితో సమానమవుతుందా? బోర్డు మీద పిల్లలకు అర్థమయ్యేలా ఎలా వేయాలి? ఇంకో టెన్షన్ కూడా ఉంది. మా క్లాసులో ఒకడున్నాడు, "చంద్రుడు గుడ్డు అన్నాక ఒప్పుకున్నాం కదా, ఇంక లెక్కలెందుకు మేడమ్" అంటాడు. వాడికేం చెప్పను?

రిటైర్డ్ లెక్కల మాస్టారు, గుంటూరు:

అమ్మా, ముందు ఆ 130 కోట్ల టన్నుల్ని పిల్లలకు తెలిసిన కొలతలోకి మార్చండి. టన్ను అంటే వాళ్ల కళ్లకు ఏమీ కట్టదు. టీఎంసీ అంటే కడుతుంది, రోజూ పేపర్లో చూసేదే. ఒక టీఎంసీ నీళ్లు 2.83 కోట్ల టన్నులు. 130ని 2.83తో భాగించమనండి. దాదాపు 46 వస్తుంది. అంటే చంద్రుడు పెరిగింది 46 టీఎంసీలు. మీ నల్గొండ పక్కనే ఉన్న నాగార్జునసాగర్ నిండితే 312 టీఎంసీలు! సాగర్‌లో ఏడో వంతు నీళ్లు తీసుకెళ్లి చంద్రుడి మీద పోస్తే వ్యోమగాములు నేలకు అతుక్కుపోయారట.

ఇక చంద్రుడి బరువు 7.35 × 10²² కిలోలు. 70 కిలోల మనిషి అక్కడ స్ప్రింగ్ త్రాసు ఎక్కితే పదకొండున్నర కిలోలు చూపిస్తుంది. ఈ 46 టీఎంసీలు చేర్చాక మళ్లీ ఎక్కితే మైక్రోగ్రాములో ఐదో వంతు పెరుగుతుంది. ఒక ఉప్పు రవ్వ దానికి కొన్ని వందల రెట్లు బరువు.

మరి భూమిలా నడవాలంటే ఎంత కావాలి? అక్కడ గురుత్వ త్వరణం 1.62, ఇక్కడ 9.8. సైజు మారకుండా ఆరింతలు కావాలంటే బరువు ఆరింతలవ్వాలి. అంటే ఇంకో ఐదు చందమామల్ని లోపల కుక్కాలి. రచయిత ఇచ్చిన అంకెకూ కావాల్సిన అంకెకూ తేడా 28 వేల కోట్ల రెట్లు. ఇది చిన్న పొరపాటు కాదమ్మా, సున్నాలు పెట్టేటప్పుడు నిద్రపోవడం.

ఇంకో తమాషా ఉంది, ఇది పదో తరగతి వాళ్లకు ఇవ్వండి. ఆ 130 కోట్ల టన్నులు లోపల పెరుగుతున్న పిల్లదే అంటాడు డాక్టర్. నీటి సాంద్రత వేసుకుంటే ఆ పిల్ల 1.3 ఘన కిలోమీటర్లు. పక్కకో కిలోమీటరు, పైకో కిలోమీటరు, అంతే. చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు. చంద్రుణ్ని ఆరు సెంటీమీటర్ల కోడిగుడ్డు అనుకుంటే పిల్ల సైజు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. కంటికి ఆనదు. చివర్లో గుడ్డంతా పగిలి అంత పెద్ద జంతువు ఎలా వచ్చిందో ఆ ఎపిసోడ్‌లో ఎవరూ అడగరు.

పాత అభిమాని, హైదరాబాద్:

మాస్టారూ, మీరు టీవీ ముందు క్యాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చుంటారా ఏంటి! లోపల పెద్దగా, బయట చిన్నగా ఉండే పెట్టెలో కాలంలో తిరిగేవాడి కథ ఇది. అది నమ్మినవాళ్లు టన్నుల దగ్గర ఆగిపోవడం న్యాయమా? ఆ ఎపిసోడ్ బరువు గురించి కాదు. పుట్టబోయే ఒక్క ప్రాణానికీ భూమ్మీద జనానికీ మధ్య ఎవరు తేల్చాలన్నది కథ. అది బాగానే పండింది. చంద్రుడి సీన్లు తీసిన లాంజరోటే (స్పెయిన్ వాళ్ల దీవి) లావా నేలలు కూడా చూడ్డానికి బాగుంటాయి.

ఫిజిక్స్ టీచర్:

సర్, మా క్లాసులో పిల్లాడు అడిగేదీ ఇదే!

లెక్కల మాస్టారు:

వాడికి ఇలా చెప్పండి. కథ మొదలుపెట్టేటప్పుడు ఒక అబద్ధం ఉచితం. కాలంలో తిరిగే పెట్టె ఉచితం, చంద్రుడు గుడ్డన్నదీ ఉచితమే. కానీ నోరు తెరిచి అంకె చెప్పినవాడు ఆ అంకెకు కట్టుబడాలి. "చంద్రుడు బరువెక్కాడు" అని ఊరుకుంటే నేను కాఫీ తాగుతూ చూసేవాణ్ని. 130 కోట్ల టన్నులని చెప్పింది వాళ్లు, పెన్ను తీయించింది వాళ్లు.

హ్యాచరీ మేనేజర్, తణుకు:

చంద్రుడి సంగతి నాకు తెలియదండి, గుడ్డు సంగతి తెలుసు. ఇరవై ఏళ్లుగా అదే పని. ఇక్కడ అందరూ ఎంత పెరగాలి అని కొట్టుకుంటున్నారు. అసలు పొదిగే గుడ్డు బరువు పెరగదు, తగ్గుతుంది!

సెట్టర్‌లో, అంటే గుడ్లు పొదిగే యంత్రంలో పెట్టేరోజు ట్రే తూకం వేస్తాం. పద్దెనిమిదో రోజున, పిల్లలు బయటికొచ్చే హ్యాచర్‌లోకి మార్చేటప్పుడు మళ్లీ వేస్తాం. 60 గ్రాముల గుడ్డు 53కి వస్తే నాకు సంతోషం. పన్నెండు శాతం అటూ ఇటూ తగ్గాలి. పెంకుకు వేలకొద్దీ సన్నని రంధ్రాలుంటాయి, వాటిలోంచి నీటి ఆవిరి పోతుంది. తక్కువ తగ్గిందంటే లోపల తేమ ఎక్కువైందని, పిల్ల పెంకు పొడవడానికి ఇబ్బంది పడుతుందని అర్థం. పిల్లకు కావాల్సిన తిండి మొదటిరోజే లోపల ఉంటుంది. బయటి నుంచి లోపలికి పోయేది గాలి మాత్రమే. ఇరవై ఒకటో రోజు బయటికొచ్చే పిల్ల 40 గ్రాములుంటుంది. మరి ఆ చంద్రుడికి అదనంగా మేత ఎవరు పెట్టారు?

ఇంకోటి. పుట్టిన పిల్ల పుట్టినట్టే తను వచ్చిన గుడ్డంత గుడ్డు పెట్టిందంటున్నారు. మా కోడి గుడ్డుకు రావాలంటే పద్దెనిమిది, ఇరవై వారాలు మేపాలి. అప్పుడు కూడా ముందు చిన్న గుడ్డే వస్తుంది. మేం సెట్టర్‌లో గంటకోసారి ట్రేలు అటు ఇటు వాలుస్తాం, లేకపోతే పిండం పెంకుకు అంటుకుంటుంది. మీ చంద్రుడు తనచుట్టూ తాను తిరగడానికే 27 రోజులు పడుతుందని చదివాను. అలా పెడితే మా ఓనరు నన్ను ఇంటికి పంపిస్తాడు.

ఫిజిక్స్ టీచర్:

అండీ, నవ్వాపుకోలేకపోతున్నాను. కానీ ఇది నాకు తట్టనే లేదు. అంటే కథ తిరగేసి ఉంటే, చంద్రుడు తేలికవుతూ ఉంటే సరిపోయేదన్నమాట!

లెక్కల మాస్టారు:

సరిపోవడమేంటమ్మా, కథ ఇంకా బాగుండేది. మేనేజర్ గారి పన్నెండు శాతమే వేసుకుందాం. 1.62 కాస్తా 1.43 అవుతుంది. వ్యోమగాములు అనుకున్నదానికన్నా ఎత్తుకు గెంతి తలలు కొట్టుకుంటారు. పెంకు రంధ్రాల్లోంచి ఆవిరి పోతుంటే చందమామకు తోకచుక్కలా తోక వస్తుంది. పౌర్ణమినాడు తోకతో చంద్రుడు, ఊహించుకోండి. పిల్లలకు హోంవర్క్‌గా ఇదే ఇవ్వండి: కథను తేలికయ్యే చంద్రుడితో మళ్లీ రాయమనండి.

జాలరి కుటుంబం, విశాఖ:

చదువుతుంటే ఒక మాట చెప్పాలనిపించింది. ఆ ఎపిసోడ్‌లో అన్నిచోట్లా ఒకేసారి పోటు వచ్చిందని ఒకామె చెప్తుంది. అది ఎలా అవుతుంది? సముద్రంలో నీళ్లు కొత్తగా పుట్టవు కదా. మా దగ్గర పోటు ఉందంటే ఇంకోచోట ఆటు ఉన్నట్టే. అక్కడ తగ్గిందే ఇక్కడ పెరుగుతుంది. చంద్రుడు ఎంత లావెక్కినా పోటు ఎత్తు పెరుగుతుంది, ఆటు కూడా అంత లోతుకు పోతుంది. మా చిన్నాన్న అయితే ఆ సీను దగ్గరే టీవీ కట్టేస్తాడు.

సబ్‌స్టేషన్ ఇంజినీర్, వరంగల్:

నన్ను ఆపింది లైట్ల ఓటు. చంద్రుడి మీద నుంచి భూమి ఒక వైపే కనిపిస్తుంది. అందులోనూ లైట్లు తెలిసేది రాత్రి ఉన్న భాగంలో. కనిపించే వైపంతా రాత్రి కావాలంటే ఆరోజు మనకు పౌర్ణమి అయ్యుండాలి. సరే, పౌర్ణమే అనుకుందాం. అమెరికా చంద్రుడి వైపు ఉంటే మనకు పట్టపగలు, మన ఓటు గల్లంతు. గడువు గంట కూడా ఇవ్వలేదు కాబట్టి భూమి తిరిగి మన వంతు వచ్చే ప్రసక్తే లేదు.

అసలు సమస్య అది కూడా కాదు. 2020 ఏప్రిల్ 5న రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పమన్నారు, గుర్తుందా? ఆర్పమన్నది ఇళ్లల్లో లైట్లు మాత్రమే. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, వీధిదీపాలు ఆపొద్దన్నారు. పైగా రెండు రోజుల ముందే చెప్పారు. అయినా దేశం మొత్తం మీద 31 వేల మెగావాట్ల లోడ్ పడిపోయింది. ఆ పది నిమిషాలకు జలవిద్యుత్ యూనిట్లను ఎక్కడికక్కడ తగ్గించి, మళ్లీ పెంచి ఫ్రీక్వెన్సీ నిలబెట్టారు. నేను ఆ రాత్రి డ్యూటీలో ఉన్నాను. మీటర్ మీది ముల్లు వైపు తప్ప ఇంకోవైపు చూడలేదు, పక్కన పెట్టిన టీ చల్లారిపోయింది.

ముందస్తు కబురు లేకుండా, గంటలోపు, వీధిదీపాలతో సహా అన్నీ ఆర్పేస్తే గ్రిడ్లు కుప్పకూలతాయి. అప్పుడు క్లారాకు పైనుంచి కనిపించేది చీకటే. అది "చంపండి" అన్న ఓటో, గ్రిడ్ ట్రిప్ అయిందో ఆమెకెలా తెలుస్తుంది? వద్దన్నవాడి ఇంట్లో లైటు కూడా ఆరిపోతుంది! ఆ ఎపిసోడ్‌లో నాకు దొరికిన పెద్ద కన్నం ఇదే. దీనికి ఫిజిక్స్ కూడా అక్కర్లేదు.

పాత అభిమాని:

ఒప్పుకుంటున్నాను. ఇది నాకు పదేళ్లలో తట్టలేదు. కథకు గుండెకాయ అనుకున్న సీనే ఎగిరిపోయింది.

ఫిజిక్స్ టీచర్ (సోమవారం):

క్లబ్ బాగా జరిగిందండి. టీఎంసీ లెక్క బోర్డు మీద పడగానే వెనక బెంచీలు కూడా లేచి నిలబడ్డాయి. గుడ్డు బరువు సంగతి చెప్పాక ఒకమ్మాయి ఇంట్లో పొదిగేసిన గుడ్లను తూకం వేసి చూస్తానంది. వాళ్లమ్మ ఒప్పుకోవాలి. సాలీళ్లను డాక్టర్ ఏకకణ జీవులంటాడు కదా, ఇప్పటిదాకా దొరికినవాటిలో పెద్ద బ్యాక్టీరియా సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల దారం లాంటిదని చెప్పాను. కుక్కంత బ్యాక్టీరియా అనగానే గోల గోల.

"గుడ్డని ఒప్పుకున్నాం కదా" అనే మా వాడు చివరిదాకా నోరెత్తలేదు. గంట కొట్టాక వచ్చి రెండు అడిగాడు. కొత్త గుడ్డు మీద 2023 ఆగస్టు 23న దిగిన మన విక్రమ్ ల్యాండర్ ఉండదు కదా మేడమ్ అన్నాడు. ఉండదన్నాను. అపోలో వాళ్లు పెట్టిన అద్దాలు కూడా ఉండవు, భూమి నుంచి లేజర్ కొడితే తిరిగి రాదు, చంద్రుడు మారాడని అలా పట్టేయొచ్చని చెప్పాను. రెండోది, కొత్త చందమామలో కుందేలు ఉంటుందా అన్నాడు. దానికి మాత్రం సోమవారం చెప్తానన్నాను. మాస్టారూ?

లెక్కల మాస్టారు:

ఉండకూడదమ్మా. ఆ కుందేలు మచ్చలు పెద్ద పెద్ద గుంటల్లో లావా నిండి గడ్డకట్టినవి. చాలావరకు మూడొందల కోట్ల ఏళ్లు దాటినవి. అప్పుడే పెట్టిన గుడ్డు నున్నగా ఉండాలి.

హ్యాచరీ మేనేజర్:

మా దగ్గరయితే కొత్త గుడ్డు మీద మచ్చ అంటే రెట్టేనండి. అలాంటివి సెట్టర్‌లో పెట్టం, పక్కకు తీసేస్తాం.