రాత్రి కుటుంబ ప్రార్థనలో పునీతుల చరిత్రలు చదవొచ్చా, వాక్యం ఒక్కటే చాలా?

వేలచ్చేరి తల్లి:
అందరికీ వందనాలు. మా ఇంట్లో కొంతకాలంగా నలుగుతున్న విషయం మీ ముందు పెడుతున్నాను. మా పుట్టింటివాళ్లు గుంటూరు లూథరన్లు, మా వారిది కతోలిక కుటుంబం. పెళ్లయ్యాక చెన్నైలో స్థిరపడ్డాం. రాత్రి అన్నాలయ్యాక ఒక పాట, ఒక కీర్తన, ప్రార్థన. మా అమ్మ నేర్పిన పద్ధతి అది. ఈ మధ్య మా వారు దాంతోపాటు పునీతుల, అంటే కతోలిక సంఘం పరిశుద్ధులుగా ప్రకటించిన భక్తుల, చరిత్రలు చదవడం మొదలుపెట్టారు. పిల్లలు చెవులు రిక్కించి వింటున్నారు. బైబిల్ తీస్తే మాత్రం ఆవులింతలు. మొన్న రెండో తరగతి చదివే మా చిన్నవాడు పరీక్షల టెన్షన్‌లో, "అంతోనీగారూ, నా పెన్సిల్ బాక్సు దొరికేలా చేయండి" అని, పోయినవి దొరకాలని కతోలికులు వేడుకునే పునీతుడికి చేతులు జోడించాడు. ఊరి నుంచి వచ్చి ఉన్న మా అమ్మకి ఆ పూట అన్నం సహించలేదు. మా వారి మీదా కోపం లేదు, అమ్మ బాధా తోసేయలేను. చరిత్రలు ఆపేయాలా?

పెరంబూర్ బ్రదర్:
సిస్టర్, ఆపేయండి. బాబు తప్పేమీ లేదు. రోజూ ఎవరి గురించి వింటున్నాడో, కష్టం రాగానే వాళ్లనే పిలిచాడు. దేవునికీ నరులకూ మధ్యవర్తి ఒక్కడే, ఆయన క్రీస్తు యేసు అని 1 తిమోతి 2:5లో స్పష్టంగా ఉంది. ఆ వయసులో మనసులో పడ్డది పెద్దయ్యాక తీయడం కష్టం.

తిమోతి విశ్వాసం ఎక్కడి నుంచి వచ్చింది? అవ్వ లోయి, తల్లి యునీకే దగ్గర నుంచి. బాల్యం నుంచి పరిశుద్ధ లేఖనాలు ఎరుగుదువు అన్నాడు పౌలు. మీ ఇంట్లో ఇప్పుడు అవ్వ కూడా ఉంది. ఇంతకన్నా ఏం కావాలి? రాత్రిపూట పిల్లలు మెలకువగా ఉండేదే కొంచెంసేపు, అందులో సగానికి పైగా కథ తినేస్తే వాక్యానికి మిగిలేదెంత?

పైగా ఆ కథల్లో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది ఇంకో సమస్య. పునీత క్రిస్టఫర్ పండుగను 1969లో కతోలిక సంఘమే తన సార్వత్రిక క్యాలెండర్ నుంచి తీసేసింది. రేపు పిల్లలు పెద్దయ్యాక అవి కథలని తెలిస్తే, వాటితోపాటు విన్న సువార్తనూ అదే గాటన కట్టేస్తారని నా భయం.

శాంథోమ్ ఉపదేశి:
చెల్లీ, నేను కతోలికురాలిని. ఆదివారం పూజ తర్వాత తెలుగు పిల్లలకి సత్యోపదేశం చెబుతాను. ఆపేయమని నేను చెప్పను. కానీ పెరంబూర్ తమ్ముడి భయం ఉత్తిది కాదు. పునీతుడంటే అద్భుతాల చిట్టా అన్నట్టు చెప్పేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. పోయిన వస్తువు దొరికింది, జ్వరం తగ్గింది, ఓడ మునగలేదు, అంతే. అలా చెబితే పిల్లలకి దేవుడు కనబడడు, పని జరిపించే మనిషి కనబడతాడు.

నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే. ఆ పునీతుడి జీవితం ఏ వాక్యం దగ్గర మలుపు తిరిగిందో ముందు ఆ వాక్యం చదివిస్తాను, తర్వాతే మనిషి గురించి చెబుతాను. ఐగుప్తు ఎడారిలో బతికిన అంతోనీ గుడిలో మత్తయి 19:21 విన్నాడు. నీ ఆస్తి అమ్మి బీదలకివ్వు అన్న మాట తనతోనే అన్నట్టు తీసుకుని అలాగే చేశాడు. (మీ బాబు పిలిచిన పాదువా అంతోనీ వేరు, ఆయన దాదాపు వెయ్యేళ్ల తర్వాతివాడు.) ఆ అంతోనీ సంగతి 386లో మిలాన్‌లో ఉన్న, తర్వాత బిషప్ అయిన అగస్టీన్‌కి ఒక స్నేహితుడు చెప్పాడు. అది విని అగస్టీన్ నిలవలేక తోటలోకి వెళ్లిపోయాడు. అక్కడ తెరిచి చదివింది రోమా 13:13-14. బ్రదర్ గారు గమనించాలి, ఇక్కడ ఒక భక్తుడి జీవితం ఇంకో మనిషిని మళ్లీ వాక్యం ముందుకే తెచ్చి కూర్చోబెట్టింది.

ఇక మన దగ్గరి మనిషి, దేవసహాయం పిళ్లై. 1712లో కన్యాకుమారి ప్రాంతంలోని నట్టాలంలో పుట్టాడు. తిరువాంకూరు రాజు కొలువులో అధికారి, పెళ్లయినవాడు. కష్టాలు చుట్టుముట్టినప్పుడు డచ్చి సేనాని డి లనోయ్ ఆయనకి, అన్నీ పోగొట్టుకున్నా దేవుణ్ణి విడువని యోబు కథ చెప్పాడంటారు. 1745లో జ్ఞానస్నానం తీసుకున్నాడు. కులం చూడకుండా అందరితో కలిసిమెలిసి ఉన్నాడు. జైలు, చిత్రహింసలు అయ్యాక 1752 జనవరి 14న కాట్రాడిమలైలో కాల్చి చంపారు. 2022 మే 15న పునీతుడిగా ప్రకటించారు. గురువు (ఫాదర్) కాడు, మఠవాసి కాడు, మనలాగే సంసారి.

పిల్లలకి ముందు యోబు మొదటి అధ్యాయం, ఆఖరి అధ్యాయం చదివించి, తర్వాత ఈయన గురించి చెప్పాను. నాలుగో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "టీచర్, యోబుకి అన్నీ రెండింతలు తిరిగొచ్చాయి కదా, ఈయనకెందుకు రాలేదు?" అంది. గది అంతా నా వైపే చూస్తోంది. హెబ్రీ 11 తీయించాను. 35వ వచనంలో కొందరు స్త్రీలు చనిపోయిన తమవాళ్లని తిరిగి పొందారని ఉంటుంది, అదే వచనంలో మరికొందరు విడుదల పొందనొల్లక యాతన పెట్టబడ్డారనీ ఉంటుంది. ఇద్దరిదీ విశ్వాసమే అంటుంది ఆ అధ్యాయం. ఆ అమ్మాయి దాన్ని వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. ఒట్టి యోబు చదివి ఆపేసి ఉంటే ఆ ప్రశ్న వచ్చేదా? దేవసహాయం గురించి వినబట్టే హెబ్రీ పత్రిక దాకా వెళ్లాం.

కల్పన, చరిత్ర సంగతి. పిల్లలకి ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి. యేసు శిష్యుడు తోమా గురించి యోహాను సువార్తలో ఉన్నది వేరు, ఆయన క్రీ.శ. 72లో మన చెన్నైలో హతసాక్షి అయ్యాడన్నది తరతరాల సంప్రదాయం. శాంథోమ్ గుడిలో సమాధి దగ్గరికి మెట్లు దిగేటప్పుడు మా పిల్లలకి ఈ తేడా చెప్పే తీసుకెళ్తాను. భక్తి తగ్గిపోవడం నేను చూడలేదు. అక్కడే యోహాను 11:16 చదువుతాం. ఆయనతో కూడా చనిపోవడానికి మనమూ వెళ్దాం అన్నది ఈ తోమాయే. జనం అనుమానం ఒక్కటే గుర్తుపెట్టుకుని ఈ మాట మర్చిపోతారు.

గుంటూరు పెద్దాయన:
అమ్మాయ్, మీ అమ్మగారికి ఈ మాట చెప్పు. మన లూథరన్లకి పునీతులు పరాయివాళ్లేం కాదు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 21వ అధికరణం చదవమను. భక్తుల విశ్వాసాన్ని, సత్క్రియలను అనుసరించడానికి వాళ్లని జ్ఞాపకం చేసుకోవచ్చు అంటుంది. వాళ్లని వేడుకోవడం మాత్రం లేఖనం నేర్పలేదు అంటుంది. రెండూ ఒకే అధికరణంలో ఉన్నాయి. కాబట్టి చరిత్ర చదవండి, ప్రార్థన తండ్రికే చేయించండి.

ఇంకో మాట. పునీతుల పట్టీలో లేనివాళ్లనీ కలుపుకోండి. మన తెలుగువాళ్లకి దగ్గరివాడు అజరయ్య. తమిళుడై ఉండి మన పల్లెలకి వచ్చాడు, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యాడు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి, నేను సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవాడు. అది 1 కొరింథీ 9:16. ఉపదేశి గారన్న పద్ధతికి సరిగ్గా సరిపోతుంది.

పెరంబూర్ బ్రదర్:
హెబ్రీ 11 దగ్గరికి తెచ్చారు కాబట్టి ఉపదేశి అక్కతో కొంతవరకు ఒప్పుకుంటాను. వాక్యం ముందు, మనిషి తర్వాత అంటే నాకు అభ్యంతరం తగ్గింది. వేడుకోవడం విషయంలో మాత్రం పెద్దాయన మాటే నా మాట.

అసలు సమస్య ఇంకోటి ఉందనిపిస్తోంది. పిల్లలు బైబిల్‌కి ఆవులించడం లేదు, అర్థం కాని చదువుకి ఆవులిస్తున్నారు. ఇక్కడ మన పిల్లలు బడిలో నేర్చేది తమిళం, ఇంగ్లీషు. తెలుగు మాట్లాడతారు కానీ చదవడం రాదు. "యుండెను, పలికెను" అని మనం గడగడా చదివేస్తే వాళ్లేం పట్టుకుంటారు? మా ఇంట్లో పిల్లలు వాళ్లకి వచ్చిన భాషలో బైబిల్ తెరుచుకుంటారు, మేం తెలుగులో చదువుతాం. మార్కు సువార్త తీసుకున్నాం, పదహారే అధ్యాయాలు, రాత్రికి ఒక్క సంఘటన. చదవడం అయ్యాక, అక్కడ నువ్వుంటే ఎక్కడ నిలబడేవాడివి అని అడుగుతాం. కప్పు విప్పి పక్షవాయువు రోగిని దించిన నలుగురి దగ్గర మా అబ్బాయి ఒక పట్టాన వదల్లేదు. ఆ ఇంటి కప్పు మళ్లీ ఎవరు కప్పించారని అడుగుతూనే ఉన్నాడు.

శాంథోమ్ ఉపదేశి:
తమ్ముడూ, ఇది నేనూ మా పిల్లలతో మొదలుపెడతాను. వేడుకోవడం గురించి మాత్రం మా వైపు మాట ఒకటి చెప్పి ఊరుకుంటాను. నాకోసం ప్రార్థన చేయండి అని మీ పాస్టర్ గారిని అడిగినట్టే మేం పునీతులని అడుగుతాం, ఆరాధన దేవునికే. మీరు ఒప్పుకోరని తెలుసు. చెల్లీ, బాబుకి ఈ తేడా మీ ఆయన చెప్పాలి, మీ అమ్మగారి ఎదుటే చెప్పాలి. చాటుగా చెబితే ఆవిడ మనసు ఇంకా విరుగుతుంది.

వేలచ్చేరి తల్లి:
అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా మా వారికీ అమ్మకీ చదివి వినిపించాను. యోబు తాను చదువుతానంది అమ్మ, దేవసహాయం సంగతి ఆయన చెబుతారట. వేడుకోవడం మీద ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. యోబు తర్వాత ఏం చదివించమంటారు? ఆడపిల్లకి ఆడవాళ్ల గురించి కూడా వినిపించాలని ఉంది.

పెరంబూర్ బ్రదర్:
అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దొర్కా దగ్గర మొదలుపెట్టండి సిస్టర్. ఆమె చనిపోయినప్పుడు ఆమె కుట్టిన అంగీలు చూపించి విధవరాండ్రు ఏడ్చే చోట తొందరపడకండి, పిల్లలకి బాగా పట్టే చోటు అది. తర్వాత అమెరికన్ మిషనరీ డాక్టరు కూతురు ఐడా స్కడర్ గురించి చెప్పండి. దిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు గర్భిణుల కోసం సాయం అడుగుతూ మనుషులు వచ్చారు. మగ డాక్టరు తమ ఆడవాళ్లని ముట్టుకోకూడదన్నారు. ఈవిడకి అప్పటికి వైద్యం రాదు. ముగ్గురూ చనిపోయారు. ఆ తర్వాతే ఆవిడ వైద్యం చదవడానికి అమెరికా వెళ్లింది, తిరిగొచ్చి 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యశాల మొదలుపెట్టింది. మన తెలుగువాళ్లలో వైద్యానికి వేలూరు వెళ్లొచ్చిన బంధువు లేని ఇల్లు తక్కువ. మీవాళ్లలో ఎవరైనా ఉంటే ఆ రాత్రికి ఫోన్‌లో పిల్లలతో మాట్లాడించండి.