లైవ్ యూఎస్‌బీలో మెమ్‌టెస్ట్ పెట్టాలా వద్దా?

బెజవాడ_బూట్:
అందరికీ నమస్తే. మా కాలేజీ ల్యాబ్ కోసం డెబియన్ 12 లినక్స్ మీద, లైవ్ బిల్డ్ అనే టూల్‌తో, ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే ఒక ఐఎస్ఓ ఫైలు తయారుచేస్తున్నాం. ల్యాబ్‌లో కొన్ని పాత డెస్క్‌టాప్‌లు, కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. బూట్ మెనూలో ర్యామ్ చెడిపోయిందేమో పరీక్షించే మెమ్‌టెస్ట్86+ కూడా పెడదామని నేనంటే, టీమ్‌లో ఒకతను ఎందుకు దండగ, మెమ్‌టెస్టర్ ప్యాకేజీ ఉందిగా, కావలసినవాళ్లు టెర్మినల్‌లో నడుపుకుంటారు అంటున్నాడు. పైగా యూఈఎఫ్ఐ (పాత బయాస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) మెషీన్లలో అసలు ఆ ఎంట్రీ పనిచేయదని ఎక్కడో చదివాను. ఏం చేయమంటారు?

గ్రబ్_గురు:
తప్పకుండా పెట్టండి. అర ఎంబీ కూడా ఉండదు, దానికోసం ఇంత చర్చ అక్కర్లేదు.

మెమ్‌టెస్టర్ అనేది లినక్స్ లోపల నడిచే మామూలు ప్రోగ్రాం. కెర్నల్ (మెమరీని పంచే లినక్స్ అసలు భాగం) తనకు ఎంత మెమరీ ఇస్తే అంతే పరీక్షిస్తుంది, కెర్నల్, డెస్క్‌టాప్ కూర్చున్న చోటు దానికి అందదు, చెడిపోయిన సెల్ సరిగ్గా అక్కడే ఉంటే "అంతా ఓకే" అని చూపిస్తుంది. అసలు ఆ మెషీన్ డెస్క్‌టాప్ దాకా రాకపోతే టెర్మినల్ ఎక్కడిది? మెమ్‌టెస్ట్86+ ఓఎస్ లేకుండా నేరుగా బూట్ అవుతుంది, తను కూర్చున్న చోటు నుంచి పక్కకు జరిగి మరీ ఆ చోటునీ పరీక్షిస్తుంది.

యూఈఎఫ్ఐ సంగతి పాత మాట. 5 సిరీస్‌తో ఆ ఇబ్బంది ఉండేది. 2022 అక్టోబరులో వచ్చిన 6.00 నుంచి యూఈఎఫ్ఐకీ, డీడీఆర్5 రకం ర్యామ్‌కీ సపోర్టు వచ్చింది, డెబియన్ 12లో ఉన్నది ఆ 6 సిరీసే. ప్లస్ లేని మెమ్‌టెస్ట్86 జోలికి మాత్రం వెళ్లొద్దు, అది 2013 నుంచి పాస్‌మార్క్ వాళ్లది, సోర్స్ ఇవ్వరు. ప్లస్ ఉన్నది జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌తో వస్తుంది కాబట్టి నిశ్చింతగా పంచుకోవచ్చు.

రాత్రి_కంపైల్:
గురుగారు చెప్పింది నిజమే, కానీ సెక్యూర్ బూట్ (డిజిటల్ సంతకం ఉన్న ఫైళ్లనే బూట్ కానిచ్చే సెట్టింగు) సంగతి వదిలేశారు. డెబియన్ ఇచ్చే మెమ్‌టెస్ట్ ఫైలుకు సెక్యూర్ బూట్ ఒప్పుకునే సంతకం లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో అది ఆన్‌లోనే ఉంటుంది, బూట్ మెనూ చూపించే గ్రబ్ ఆ ఫైలును లోడ్ చేయనివ్వదు, స్క్రీన్ మీద ఎర్రర్ చూసిన పిల్లలు మీ ఐఎస్ఓనే పాడైందనుకుంటారు. అందుకని మెనూలోనే "మెమరీ పరీక్ష, సెక్యూర్ బూట్ ఆఫ్ చేశాక మాత్రమే" అని రాసేయండి. బయాస్ ఫైలు, ఈఎఫ్ఐ ఫైలు రెండూ పెట్టి, రెండు రకాల మెషీన్ల మీదా బూట్ చేసి చూశాకే ల్యాబ్‌కి ఇవ్వండి.

పాత_డెస్క్‌టాప్:
ఉపయోగం ఉందా అన్నారుగా, మా దగ్గర జరిగింది చెప్తా. ఒక మెషీన్‌లో ఇన్‌స్టాల్ ప్రతిసారీ వేరే వేరే ఫైలు దగ్గర ఆగిపోయేది. ఐఎస్ఓ చెక్‌సమ్ (ఫైలు పాడైందేమో చూసే కోడ్) సరిపోయింది, పెన్‌డ్రైవ్ మార్చాం, హార్డ్ డిస్క్ మార్చాం, లాభం లేదు. మెమ్‌టెస్ట్ పెట్టిన కాసేపటికే ఎర్ర లైన్లు మొదలయ్యాయి, ఉండాల్సిన విలువకీ చదివిన విలువకీ తేడా ప్రతి లైన్‌లోనూ అదే ఒక్క బిట్. రెండు ర్యామ్ స్టిక్కులూ తీసి ఒక్కొక్కటే పెట్టి నడిపితే ఏది పోయిందో తేలిపోయింది. మొదట కాంటాక్టుల మీద రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టి చూడండి, చాలాసార్లు దుమ్మే కారణం.

ర్యామ్ బోర్డుకే అతికించి ఉండే ల్యాప్‌టాప్ అయితే స్టిక్ మార్చే వీల్లేదు. అప్పుడు మెమ్‌టెస్ట్ చూపించిన అడ్రసులను గ్రబ్ సెట్టింగుల్లో బ్యాడ్‌ర్యామ్ కింద రాస్తే ఆ ముక్కను కెర్నల్ వాడకుండా వదిలేస్తుంది. ఎర్రర్లు ఒక చోటే ఉంటే బాగానే పనిచేస్తుంది, అంతటా చెదిరి ఉంటే ఆ ల్యాప్‌టాప్ మీద ఆశ పెట్టుకోవద్దు.

బెజవాడ_బూట్:
చాలా థ్యాంక్స్ అండీ. రెండు ఫైళ్లూ పెడుతున్నా, మెనూలో ఆ మాట కూడా రాస్తా. ఒక పాస్ (పరీక్షలన్నీ ఒక రౌండ్) పూర్తయితే చాలా?

గ్రబ్_గురు:
చాలదు. మొదటి పాస్ కాస్త తొందరగా అయిపోతుంది, అది చూసి ఆపేయొద్దు. కొన్ని ఎర్రర్లు మెషీన్ వేడెక్కాకే బయటపడతాయి. సాయంత్రం ల్యాబ్ మూసేముందు మొదలుపెట్టి పొద్దున చూసుకోండి, ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ స్టిక్ తీసేయండి.