గ్రేట్ ఓర్మ్ రాగి గనికి వెళ్లొచ్చినవాళ్లున్నారా? (పెద్దవాళ్లతో, పిల్లలతో)

సత్తెనపల్లి_సీను
నమస్కారం అందరికీ. మేం వారింగ్టన్‌లో ఉంటాం. నాన్న ఇండియా నుంచి వచ్చి పది రోజులైంది, ఇంట్లో కూర్చుని విసుగొచ్చిందంటున్నారు. ఈ శనివారం నార్త్ వేల్స్‌లో లాండుడ్నో వెళ్దామనుకుంటున్నాం. అక్కడ గ్రేట్ ఓర్మ్ అనే కొండ మీద కంచు యుగం నాటి రాగి గని ఉందట కదా. నాన్నకి డెబ్భై దగ్గర పడ్డాయి, మోకాళ్ల నొప్పులు. పాపకి ఏడేళ్లు. టికెట్ డబ్బులు గిట్టుబాటవుతాయా, లేక నాలుగు గుంతలు చూపించి పంపేస్తారా?

మెర్సీసైడ్_మాధవి
మేం రెండుసార్లు వెళ్లాం, సీను గారూ. గుంతలే, కానీ మామూలు గుంతలు కావు. ముందు హెల్మెట్ ఇస్తారు, తర్వాత మెట్లు దిగి సొరంగాల్లోకి వెళ్లాలి. మనం నడిచే దారి పర్వాలేదు, నేను ఐదడుగుల రెండంగుళాలు, రెండు మూడు చోట్ల తల వంచాల్సొచ్చింది. మా ఆయన హెల్మెట్ మాత్రం టకటకా కొట్టుకుంటూనే ఉంది. అసలు చూడాల్సింది పక్కన గోడల్లో కనిపించే సందులు. కొన్నిట్లో పెద్దవాళ్ల భుజాలు పట్టవు. అలాంటివి మైళ్ల కొద్దీ ఉన్నాయి, ఇప్పటిదాకా కొలిచినవే ఐదు మైళ్లు దాటాయట. చివర్లో ఒక పెద్ద గుహ వస్తుంది, లైట్లు పెట్టారు. ఆ గుహంతా ఎముకలతో, రాళ్లతో తవ్వింది అంటే నేను మొదట నమ్మలేదు.

మీ నాన్నగారికి మెట్లు కష్టమైతే పైనే ఉండొచ్చు. పైన తెరిచి ఉన్న తవ్వకం మీదుగా చెక్క దారులు వేశారు, అక్కడినుంచి చాలావరకు కనిపిస్తుంది. జాకెట్ మర్చిపోవద్దు, ఎండాకాలమైనా లోపల చలే. ఇంకోటి, చలికాలంలో మూసేస్తారు. మేం మొదటిసారి నవంబర్‌లో వెళ్లి గేటు చూసి తిరిగొచ్చాం. తప్పు మాదే, వెబ్‌సైట్ చూసుకోలేదు.

కొలిమితిత్తి
మా నాన్న రాజస్థాన్‌లో ఖేత్రి రాగి గనిలో పాతికేళ్లు పనిచేశారు, నా చిన్నతనమంతా ఆ టౌన్‌షిప్‌లోనే. అందుకే ఈ గని పేరు వినగానే పరిగెత్తుకుంటూ వెళ్లా.

ఎముకల సంగతి మాధవి గారిలాగే నేనూ మొదట నమ్మలేక అక్కడ అడిగా. ఓర్మ్ కొండ సున్నపురాయి. కానీ రాగి చేరిన చోట ఆ రాయి మారిపోయి, కుళ్లిన గోడలాగా మెత్తబడింది. ఆవు పక్కటెముకో, కాలి ఎముకో విరిచి గీకితే రాలుతుంది. గట్టిగా ఉన్న చోట మంట పెట్టి రాయిని పగలనిచ్చేవాళ్లు, లేకపోతే సముద్రపొడ్డు నుంచి తెచ్చిన గుండ్రాళ్లతో కొట్టేవాళ్లు. ఎముకలు ముప్పై వేలకు పైగా దొరికాయి, రాతి సుత్తులు రెండు వేలకు పైనే.

అద్దాల పెట్టెలో పెట్టిన ఎముకల్ని దగ్గరగా చూడండి. పచ్చగా ఉంటాయి. ఇంట్లో రాగి చెంబు వాడకుండా పడేస్తే చిలుము పడుతుంది చూడండి, అచ్చం ఆ రంగే. మూడు వేల ఐదొందల ఏళ్లు రాగి నీళ్లలో నానితే ఎముకకి కూడా చిలుము పడుతుంది. ఒక ఎముక కొస అరిగి నున్నగా, మా అమ్మ వాడే పాత అట్లకాడ అంచులా ఉంది. ఎవరో రోజుల తరబడి గీకారన్నమాట. నాకు గనిలో అన్నిటికంటే అదే గుర్తుండిపోయింది.

వాళ్లు వెతికింది కూడా చిలుము లాంటి రాయే. మాలకైట్. అందులో సగానికి పైగా రాగే. బొగ్గులు పోసి తిత్తితో ఊది, కాస్త ఒడుపుగా చేస్తే రాగి దిగుతుంది. మా ఖేత్రి రాయికి చాలా తతంగం ఉండేది, అందులో గంధకం కలిసి ఉంటుంది కదా.

లెక్క_చెప్పు
అంతా బాగుంది కానీ 3,500 ఏళ్లు అని ఎలా చెప్తున్నారు? రోమన్లు తవ్వి ఉండొచ్చు కదా. టూరిస్టుల కోసం వయసు పెంచడం మామూలే. మన గుళ్లన్నీ త్రేతాయుగం నాటివే కదా.

కొలిమితిత్తి
గుళ్ల విషయంలో మీతో వాదించను. ఇక్కడ మాత్రం రోమన్లు అని చాలాకాలం అనుకున్న మాట నిజమే. 1692 తర్వాత మళ్లీ తవ్వకం మొదలైంది. 1849లో గని కార్మికులు గోడ పగలగొడితే పాతకాలపు గుహ బయటపడింది, లోపల రాతి సుత్తులు, ఎముకలు. అప్పట్లో వయసు కట్టే పద్ధతి లేదు కాబట్టి పాతదంటే రోమన్లదే. తర్వాత ఆ ఎముకలకి, మంట పెట్టిన బొగ్గుకి కార్బన్ పరీక్ష చేశారు. క్రీస్తుపూర్వం 1800 దగ్గర మొదలై సుమారు 600 దాకా లెక్క వస్తోంది. రోమన్లు బ్రిటన్‌ని గెలవడానికి వచ్చింది క్రీస్తుశకం 43లో.

ఈ పాత గని సంగతి అందరికీ తెలిసింది ఎలాగో తెలుసా? 1987లో అక్కడ కార్ పార్క్ కడదామని సర్వే చేస్తే. జనాన్ని లోపలికి రానిచ్చింది 1991లో.

లైడెన్_లత
ఒక ముక్క నేనూ కలుపుతా. నేను నెదర్లాండ్స్‌లో ఉంటా, గనికి వెళ్లలేదు. కానీ మా లైడెన్ మ్యూజియంలో ఫోర్‌హౌట్ అనే ఊళ్లో 1907లో దొరికిన కంచు గొడ్డళ్ల మూట ఉంది. పక్కన బోర్డు చదివితే వేల్స్ వైపు నుంచి వచ్చిన రకం అని ఉంది. ఎక్కడి వేల్స్, ఎక్కడి మా ఊరు అనుకుని ఇంటికొచ్చి వెతికా. 2019లో ఒక పరిశోధన వచ్చింది. ఓర్మ్ రాగిలో నికెల్, ఆర్సెనిక్ కొద్దిగా కలిసి ఉంటాయి, సీసం ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న సీసం పరమాణువులు) కూడా ఒక తీరుగా ఉంటాయి. ఆ గుర్తుల్ని పట్టుకుని వెళ్తే ఇక్కడి రాగి ఫ్రాన్స్, నెదర్లాండ్స్, స్వీడన్ దాకా తేలింది. ముఖ్యంగా క్రీ.పూ. 1600 నుంచి 1400 వరకు, ఆ రెండొందల ఏళ్లు బ్రిటన్‌లో వాడిన రాగి చాలావరకు ఈ కొండదే. తర్వాత మంచి రాయి అయిపోయింది. మిగిలిన సన్నటి చారల వెంట ఇంకో ఏడెనిమిది వందల ఏళ్లు పాకారు. ఏడెనిమిది వందల ఏళ్లు! రుద్రమదేవి నాటి నుంచి ఇవాళ్టి దాకా అనుకోండి.

డడ్లీ_బుజ్జి
మాధవి అక్కా, ఆ సన్నటి సందుల్లోకి పిల్లల్ని పంపేవాళ్లు కదా? బానిసల్ని చేసి తవ్వించారని ఒక వీడియోలో చూశా. చూసినప్పటి నుంచి వెళ్లాలంటే మనసు రావట్లేదు.

మెర్సీసైడ్_మాధవి
బుజ్జీ, బానిసలు అన్నది ఆ వీడియోవాళ్ల కథ. సందు కొలత చూస్తే ఐదారేళ్ల పిల్లలు తప్ప ఎవరూ పట్టరు, కాబట్టి పిల్లలు దిగి ఉంటారు, అంతవరకు సబబే. కొరడా పట్టుకుని దింపారా, అమ్మానాన్నల వెంట ఆడుకుంటూ దిగారా అన్నది సందు చెప్పదు కదా. మా అమ్మమ్మ ఆరేళ్లకే పొగాకు ఆకులు కుట్టేదట, పని అని ఎవరూ అనేవాళ్లు కాదు. అది మంచిదని అనట్లేదులే.

వినుకొండ_వాసు
మనవైపు కూడా ఇలాంటివి లేకపోలేదు. మా వినుకొండ దగ్గర అగ్నిగుండాల ప్రాంతంలో నల్లకొండలో రాగి, బండ్లమోటులో సీసం. సీసం గని నడిచి మూతపడింది. నెల్లూరు జిల్లాలో గరిమెనపెంట వైపు పాత రాగి తవ్వకాలుండేవి, కంపెనీ రోజుల్లోనే తెల్లదొరలు వచ్చి రాసుకుపోయారు. వాటిదగ్గర బోర్డు కూడా ఉండదు, ఇక హెల్మెట్ ఎవరిస్తారు. చిన్నప్పుడు మేకల వెనక తిరుగుతూ పచ్చరాళ్లు ఏరుకునేవాళ్లం, పలకల మీద గీస్తే గీత పడేది. ఇప్పుడనిపిస్తోంది, రెండు దాచుకోవాల్సింది.

లెక్క_చెప్పు
సరే, కార్బన్ ఒప్పుకున్నా. ఇంత రాగి కరిగించారంటున్నారు, మరి కొలుములెక్కడ?

కొలిమితిత్తి
మంచి ప్రశ్న. ఆ కొండ అంచునే పెంట్రూయిన్ అనే చోట రాగి కరిగించిన జాడ ఒకటి దొరికింది. కానీ దాని వయసు క్రీ.పూ. 900 దగ్గర. గని జోరుగా నడిచిన కాలం నాటి కొలిమి ఇంకా దొరకలేదు. ఖేత్రి దగ్గర గణేశ్వర్ అనే చోట మాత్రం కథ వేరు. అక్కడ రాగి బాణపు ములుకులు వందల్లో దొరికాయి, ఓర్మ్ కంటే వెయ్యేళ్లు పాతవి.

సత్తెనపల్లి_సీను
వెళ్లొచ్చాం. అందరికీ థాంక్స్.

పైన పార్కింగ్ దొరక్క అరగంట టెన్షన్. చివరికి కింద ఊళ్లో కారు పెట్టి ట్రామ్ ఎక్కాం. 1902 నాటి ట్రామ్, గని దగ్గరలోనే సగం దారి స్టేషన్‌లో దిగొచ్చు. మీకూ అదే చెప్తా, కారు తీసుకెళ్లకండి. కొండ మీద కశ్మీరీ మేకలు తిరుగుతున్నాయి, లాక్‌డౌన్‌లో ఊళ్లోకి దిగి వైరల్ అయినవి అవే. పాప గని కంటే వాటినే ఎక్కువ ఫొటోలు తీసింది.

నాన్న పైనే కూర్చుంటానన్నవారు కాస్తా ఒక్కో మెట్టూ పట్టుకుని దిగేశారు. లోపల గోడ మీద పచ్చగా చార కనిపిస్తే వేలితో తాకబోయి, పక్కన కాపలా ఉందేమో అని చూసి ఆగారు. "ఇది మైలుతుత్తం రంగురా" అన్నారు. మిరప తోటకి నలభై ఏళ్లు కొట్టిన చెయ్యి కదా. మైలుతుత్తం కూడా రాగిదేనని చెప్తే, "మరి నాకు తెలీదా" అని కోప్పడ్డారు.

పాపని సందు దగ్గర నిలబెట్టి చూశా. తల పడుతుంది, భుజాలు పక్కకి తిప్పితే పడతాయి. లోపలికి టార్చ్ వేసి "దీని చివర ఏముంది నాన్నా" అంది. నాకు తెలీదన్నా. తాతయ్య దాని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశారు, బయటికొచ్చి ట్రామ్ ఎక్కేదాకా వదల్లేదు.