టీపాయ్ జనానికీ మన టీపాయ్‌కీ చుట్టరికం ఉందా?

నిన్న ఒకరు అడిగారు, కాలిఫోర్నియాలో టీపాయ్ అనే జనం ఉన్నారట, మన హాల్లో కాఫీ కప్పులు పెట్టుకునే టీపాయ్‌కీ ఆ మాటకీ ఏమైనా సంబంధం ఉందా అని. లేదండీ. మన టీపాయ్ హిందీ వైపు నుంచి వచ్చింది, తీన్ అంటే మూడు, పాయ్ అంటే కాలు, అంటే మూడు కాళ్ళ బల్ల. తాగే టీతో కూడా దానికి పని లేదు.

అక్కడి పాయ్‌కి అర్థం మనుషులు. శాన్ డియాగోకి ఉత్తరాన ఉన్నవాళ్ళు ఈపాయ్, దక్షిణాన, మెక్సికో వైపు దాకా ఉన్నవాళ్ళు టీపాయ్, అందరినీ కలిపి ఇప్పుడు ఎక్కువగా కుమెయాయ్ అంటున్నారు. వాళ్ళది యూమన్ భాషా కుటుంబం. గ్రాండ్ కాన్యన్‌లో ఉండే హవసుపాయ్ వాళ్ళదీ అదే కుటుంబం, ఆ పేరు విడదీస్తే హ నీళ్ళు, వసు నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు, చివర మళ్ళీ అదే పాయ్.

మరి పుస్తకాల్లో వీళ్ళ పేరుగా కనిపించే "డియెగేన్యో" ఎక్కడిది? 1769లో స్పెయిన్ మతగురువులు శాన్ డియాగో మిషన్, అంటే మతప్రచార కేంద్రం, పెట్టి, దాని కిందికి వచ్చిన జనానికి ఆ పేరే తగిలించారు. 1775లో ఈ జనమే తిరగబడి మిషన్‌ని తగలబెట్టారు, అయినా పేరు వదల్లేదు. ఇది చదివితే నాకు మనసు చివుక్కుమంది, ఎందుకంటే 1816లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అధికారి క్యాంప్‌బెల్ వేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే "జెంటూ అని పిలిచే తెలుగు" అని ఉంది, జెంటూ అంటే పోర్చుగీసు వాళ్ళ లెక్కలో అన్యమతస్థుడు. అందుకే ఇక్కడ రాసేటప్పుడు ఈపాయ్, కుమెయాయ్ అనే రాద్దాం.

ఇంకో సంగతి, ఇది నాకు బాగా నచ్చింది. వాళ్ళకీ మనలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. "వాడు వచ్చి కూర్చున్నాడు" అంటే వచ్చిందీ కూర్చుందీ ఒకడే అని మనకి "వచ్చి"తోనే తెలిసిపోతుంది, కూర్చున్నది నేనైతే "వాడు వచ్చాక నేను కూర్చున్నాను" అని రూపం మార్చాలి. వాళ్ళూ అంతే, తర్వాతి పని చేసేది అదే మనిషా వేరే మనిషా అన్నది ముందు క్రియకి తగిలించే ప్రత్యయం చెప్పేస్తుంది. అలాగని రెండు భాషలకీ చుట్టరికం కలిపేయకండి, ఇలాంటి పద్ధతి ఉన్న భాషలు లోకంలో ఇంకా చాలా ఉన్నాయి.