పులియడం వేరు, పొంగడం వేరు

రొట్టెల పిండిని పులియబెట్టే పదార్థానికి తెలుగు మాట ఏమిటని అడిగారు. ఒకరిద్దరు ‘కిణ్వం’ అన్నారు. మంచి మాటే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో మద్యం తయారీకి కలిపే ద్రవ్యానికి ఆ పేరుంది, పులిసే ప్రక్రియకు పాఠ్యపుస్తకాల్లో వాడే కిణ్వనం దానికి చుట్టమే. అయితే మా కడపలో ఏ వంటింట్లోనూ ఆ మాట వినపడదు. పిండి పులిసిందా అనే అడుగుతారు.

పులుపు పాత ద్రావిడ ధాతువు. తమిళంలో పుళి అంటే పులుపు, చింతపండు కూడా. అనంతపురం దాటి కర్ణాటకలో అడుగుపెడితే పకారం హకారమై ‘హుళి’ అవుతుంది. ఆ రెండు భాషల్లోనూ పులుపులో ఉన్నది ళకారం, పెద్దపులిలో ఉన్నది లకారం. తెలుగులో ఆ తేడా చెరిగిపోయింది కాబట్టి రెండూ ఒకటిగా వినిపిస్తాయి గాని, పులుపుకు పులితో సంబంధం లేదు.

అసలు సంగతి ఇది: పులియడం రుచిని చెబుతుంది, పిండి పైకి లేవడాన్ని చెప్పదు. దానికి మనకున్న మాట పొంగడం. రాయలసీమ గుంతపొంగణాల పేరులో ఉన్నదీ అదే. రాత్రి రుబ్బిపెట్టిన పిండిలో సూక్ష్మజీవులు పులుపునూ వాయువునూ కలిపే పుట్టిస్తాయి. మినప్పప్పు జిగురు ఆ వాయువును పట్టి ఉంచుతుంది. తెల్లారి మూత తీస్తే పిండి గిన్నె అంచు దాకా వచ్చి, గరిట పెట్టగానే బుడగలు చిట్లి కుంగుతుంది. రెండు పనులూ ఒకే గిన్నెలో జరగడం వల్ల ఒక మాటతో సరిపెట్టుకున్నాం. బైబిలు తెలుగులో ‘పులియని రొట్టెల పండుగ’ అన్నప్పుడు పొంగని రొట్టె అనే అర్థం కూడా అందులోనే ఇమిడిపోయింది. కాని వంటసోడా వేసిన పిండి పొంగుతుంది, పులియదు. కర్నూలు ఎండలకు పొద్దెక్కేదాకా వదిలేసిన దోసెపిండి పుల్లగా మారి, పొంగు దిగిపోతుంది.

పిండిని పులియబెట్టే పదార్థాన్ని ఉర్దూలో ఖమీర్ అంటారు. అరబ్బీలో మద్యానికి వాడే ఖమ్ర్ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. అదే పదార్థానికి ఇంగ్లీషులో ఉన్న లెవెన్ అనే మాట మాత్రం లాటిన్‌లో పైకెత్తడం అనే అర్థం ఉన్న ధాతువు నుంచి వచ్చింది.

ఇక అడిగిన మాటకు నా జవాబు: తోడు. పాత పెరుగు చెంచాడు వేస్తే కొత్త పాలు తోడుకుంటాయి. పాత పిండి ముద్ద కలిపితే కొత్త పిండి పులుస్తుంది. పద్ధతి ఒకటే కదా! దాచిపెట్టిన ఆ ముద్దను ‘తోడుపిండి’ అందాం, వివరించకుండానే మన అమ్మలకు అర్థమవుతుంది. దుకాణంలో పొట్లం కట్టి అమ్మే ఈస్టును ఈస్టు అనడంలో నాకే అభ్యంతరమూ లేదు.