10×11 గదిలో మానిటర్లు: సీట్లో బేస్ వినపడదు, కారులో మాత్రం గుంయ్‌మంటుంది

ప్రశ్న
చెన్నై సాలిగ్రామంలో అద్దె ఫ్లాట్. మిక్సింగ్ గది వెడల్పు 10 అడుగులు, పొడవు 11, ఎత్తు తొమ్మిదిన్నర. నేలంతా టైల్స్. యమహా హెచ్‌ఎస్5 మానిటర్ స్పీకర్ల జత బల్ల మీదే ఉంది. గోడకి దూరంగా జరపమని ఎవరో చెబితే నాకు ఎదురుగా ఉండే ముందు గోడ నుంచి 2 అడుగులు నా వైపుకి తెచ్చాను. నా తల ఆ గోడకి అయిదున్నర అడుగుల దూరంలో ఉంటుంది. ఎడమ పక్క కిటికీ, కుడి పక్క గోడలో కట్టిన అల్మరా. సీట్లో కూర్చుంటే కిక్, బేస్ గిటార్ పలచగా ఉంటాయి. పెంచి మిక్స్ చేస్తే కారులో భరించలేం. గోడలకి మేకులు కొట్టడానికి ఇంటి ఓనరు ఒప్పుకోరు. ఏం చేయాలి అన్నా?

జవాబు 1
తమ్ముడూ, నీ తల సరిగ్గా గది మధ్యలో ఉంది. అసలు చిక్కు అదే. ధ్వని సెకనుకు దాదాపు 1130 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, దాంతో 1130ని భాగించు. 11 అడుగులకి 51 హెర్ట్జ్, 10కి 56, తొమ్మిదిన్నరకి 59 వస్తాయి. గది ఇలా తనంతట తాను మోగే హెర్ట్జ్‌లనే మోడ్‌లంటారు. నీ గదిలో మూడు మోడ్‌లూ ఒకేచోట గుమిగూడాయి. మొదటి మోడ్ గోడల దగ్గర బలంగా, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నాగా ఉంటుంది. నువ్వు కూర్చున్నది ఆ సున్నాలో.

రెండోది ఆ 2 అడుగుల దూరం. స్పీకర్ నుంచి వెనక్కి పోయిన బేస్ ముందు గోడకి తగిలి తిరిగొచ్చి, నేరుగా వచ్చే ధ్వనిని కొట్టేస్తుంది. ఏ హెర్ట్జ్ దగ్గరో తెలియాలంటే 1130ని గోడ దూరానికి నాలుగింతలతో భాగించాలి. 2 అడుగులకి 141. బేస్ గిటార్ ఒళ్లంతా ఆ చుట్టుపక్కలే ఉంటుంది కదా.

కాబట్టి గోడకి దగ్గరగా జరుపు. పెట్టె లోతు సుమారు 9 అంగుళాలు, బేస్ గాలి బయటికొచ్చే రంధ్రం, అంటే పోర్టు, వెనక ఉంది కనుక 5 అంగుళాలు ఖాళీ వదులు. స్పీకర్ ముఖం గోడకి 14 అంగుళాల దూరంలో ఉంటుంది. ధ్వని కొట్టుకుపోయే ఆ గుంట 240 హెర్ట్జ్ పైకి జరుగుతుంది. అక్కడ ధ్వనిని పీల్చే మందపాటి ప్యానెల్ పని చేస్తుంది, 141 దగ్గర అంత తేలిక కాదు. గోడ దగ్గరైనందుకు బేస్ కొంచెం ఉబ్బుతుంది. వెనకున్న రూమ్ కంట్రోల్ స్విచ్ మైనస్ 2 మీద పెట్టు, చాలకపోతే మైనస్ 4.

10 అడుగుల గోడ మధ్యలో, 5 అడుగుల దగ్గర, నేల మీద మాస్కింగ్ టేపుతో గది పొడవునా గీత వెయ్యి. ట్వీటర్ (సన్నటి శబ్దాలిచ్చే పైనున్న చిన్న స్పీకర్) నుంచి ట్వీటర్‌కి 42 అంగుళాలు, గీతకి అటు 21, ఇటు 21. పక్క గోడకి 3 అడుగుల 3 అంగుళాలు మిగులుతుంది. తల కూడా ఒక్కో ట్వీటర్‌కి 42 అంగుళాల దూరంలోనే ఉండాలి. అంటే ముందు గోడ నుంచి 4 అడుగుల 2 అంగుళాలు. గది పొడవులో 38 శాతం అంటారే, అది ఇదే.

జవాబు 2
లెక్కలన్నీ సరే గానీ, 38 శాతాన్ని వేదవాక్కు చేయకండి. అది మొదలుపెట్టే చోటు మాత్రమే. అల్మరా, కిటికీ, తలుపు ఉన్న గది లెక్క ప్రకారం నడవదు, కొలిచి తేల్చుకోవాలి.

బల్ల సంగతి ఇంకా ముఖ్యం. స్పీకర్లు బల్ల మీద ఉన్నంతకాలం చెక్క మీద నుంచి ఎగిరిన ధ్వని ఒక్క క్షణం ఆలస్యంగా చెవికొచ్చి, మిడ్స్‌లో (బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్య శబ్దాల్లో) గుంటలు చేస్తుంది. వాటిని బల్ల వెనక స్టాండ్ల మీదకి మార్చండి. కూర్చున్నప్పుడు నేల నుంచి చెవి ఎత్తు కొలవండి. 46 అంగుళాలనుకుందాం, అందులోంచి పెట్టె అడుగు నుంచి ట్వీటర్ మధ్యకున్న దూరం తీసేస్తే స్టాండు ఎత్తు. హెచ్‌ఎస్5కి దాదాపు 38 వస్తుంది. పెట్టెల్ని అడ్డంగా పడుకోబెట్టొద్దు. తల కొంచెం పక్కకి జరిపినా ట్వీటర్, వూఫర్ (బేస్ ఇచ్చే పెద్ద స్పీకర్) కలిసే చోట ధ్వని మారిపోతుంది.

అడిగినవారు
స్టాండ్లు కొంటే ఖర్చెక్కువ. హాలో బ్లాకులు పేర్చుకోవచ్చా?

జవాబు 3
38 అంగుళాల ఎత్తుకి నిలువుగా పేర్చిన బ్లాకులు ఒక్క తోపుకే ఒరిగిపోతాయి. పిల్లలు తిరిగే ఇంట్లో అసలొద్దు. వెల్డింగ్ షాపులో చేయించుకోండి. 3 అంగుళాల చదరపు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపు, కింద 12×14 అంగుళాల ప్లేటు 6 మిల్లీమీటర్ల మందంతో, పైన 7×9 ప్లేటు. పైపులో బాగా ఎండిన ఇసుక నింపించండి. ఖాళీ పైపుని వేలితో కొడితే గణగణమంటుంది, బేస్ వాయించినప్పుడు కూడా అంతే. పై ప్లేటు మీద రబ్బరు షీటు వేస్తే పెట్టె జారదు.

ఇక ప్యానెల్స్. 4×2 అడుగుల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటిది) స్లాబులు, 2 అంగుళాల మందం, 48 డెన్సిటీవి (ఘనపు మీటరుకి 48 కిలోలు) రెండేసి కలిపి 4 అంగుళాలు చేయండి. చెక్క ఫ్రేములో పెట్టి, నోటితో ఊదితే గాలి దూరే గుడ్డ చుట్టండి. గోడౌన్ స్ట్రీట్‌లో కోరా గుడ్డ దొరుకుతుంది. కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి. ఫ్రేముకి కాళ్లు పెట్టిస్తే మేకుల గొడవే ఉండదు.

మీరు సీట్లో కూర్చోండి, ఇంకొకరు పక్క గోడ మీద అద్దం జరుపుతూ పోవాలి. ఎక్కడ ట్వీటర్ కనిపిస్తే అక్కడ ప్యానెల్. కిటికీ వైపు ఒకటి, అల్మరా వైపు ఒకటి, రెండూ గీతకి ఒకే దూరంలో. మిగతావి వెనక మూలల్లో కింద నుంచి పైదాకా పేర్చండి. గోడకి 3 అంగుళాలు వదిలితే బేస్ ఇంకాస్త కిందదాకా పట్టుకుంటుంది, నవంబరు వానల్లో గోడ చెమ్మ రాక్‌వూల్‌కి ఎక్కదు కూడా. అంగుళం ఫోమ్, గుడ్ల అట్టలు మాత్రం వద్దు. 100 హెర్ట్జ్ తరంగం 11 అడుగులకి పైనే ఉంటుంది, అంగుళం ఫోమ్ దాన్నేం చేయలేదు. పైన ట్రెబుల్ మాత్రం మింగేసి గదిని ఇంకా మందంగా చేస్తుంది.

జవాబు 2
ఇప్పుడు కొలత. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. యూమిక్-1 లాంటి కొలత మైకు, దాని సీరియల్ నంబరు మీద వచ్చే క్యాలిబ్రేషన్ ఫైలు (ఆ మైకు తేడాలని సరిదిద్దేది) కావాలి. మైకుని పైకప్పు వైపు నిలబెడితే 90 డిగ్రీల ఫైలు వాడండి. ఫ్యాను, ఏసీ ఆపండి. తల ఉండే చోట మైకు పెట్టి, ఎడమ, కుడి, రెండూ కలిపి, ఇలా మూడు స్వీప్‌లు (బేస్ నుంచి ట్రెబుల్ దాకా పాకే పరీక్ష శబ్దం) తీయండి. 300 హెర్ట్జ్ కింద గ్రాఫుని స్మూతింగ్ (నున్నగా చేయడం) లేకుండా చూడండి. గీత మీదే కుర్చీని 3 అంగుళాల చొప్పున ముందుకీ వెనక్కీ జరిపి మళ్లీ తీయండి, కుర్చీతో పాటు ట్వీటర్ల మధ్య దూరం కూడా సరిచేస్తూ. లోతైన గుంట తక్కువగా ఉన్న చోటే మీ చోటు. 55 హెర్ట్జ్ దగ్గర గ్రాఫు పైకి లేస్తే ఈక్యూతో (ఒక్కో హెర్ట్జ్‌ని పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో) తగ్గించొచ్చు. గుంటని మాత్రం ఈక్యూతో పూడ్చొద్దు. పెంచిన కొద్దీ గోడ నుంచి తిరిగొచ్చేదీ పెరుగుతుంది, చిన్న వూఫర్ మాత్రం అలిసిపోతుంది.

జవాబు 1
చివర్లో చెవితో ఒక పరీక్ష. ఒక గొంతు ట్రాక్ మోనోలో పెట్టు. రెండు స్పీకర్ల మధ్య చుక్కలా నిలబడాలి. ఒక పక్కకి లాగితే దారంతో ముక్కు నుంచి రెండు ట్వీటర్లకి దూరం కొలువు, పావు అంగుళం మించి తేడా ఉండకూడదు. తర్వాత ఒక ఛానెల్ పోలారిటీ తిప్పు, అంటే దాని ప్లస్, మైనస్ తారుమారు చెయ్యి. గొంతు మధ్యలోంచి పూర్తిగా కరిగిపోతే రెండు వైపులా సమానంగా ఉన్నట్టు. కొంచెం అక్కడే వేలాడుతుంటే అల్మరా వైపు ప్యానెల్ జరిపి చూడు.

అడిగినవారు
సబ్ (లోతైన బేస్ కోసమే ఉండే సబ్‌వూఫర్) కూడా కొనాలా అన్నా?

జవాబు 1
ఇప్పుడే వద్దు. హెచ్‌ఎస్5 54 హెర్ట్జ్ దగ్గరికే 10 డీబీ పడిపోతుంది, నిజమే. కానీ ఈ గదికి సబ్ తెస్తే ఆ 51, 56, 59లకే ఇంకాస్త బలం పోసినట్టు. ముందు మూలల్లో ప్యానెల్స్ పడనీ. 50 కింద ఏముందో మంచి ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లలో, స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో చూసుకో.