తొర్ర పడిన మాను: నరికించాలా, సగానికి కొట్టించాలా, వైద్యం చేయించాలా?

పెరటివాడు:
మా ఇంటి వెనుక పాతకాలపు మాను ఒకటి ఉంది. నడుము ఎత్తున తొర్ర పడింది; ఒక పెద్ద కొమ్మ ఇంటి కప్పు మీదికి వంగింది. చెట్లు కొట్టే మనిషి వచ్చి చూసి, పైభాగమంతా సగానికి కొట్టేస్తే భయముండదని, అది ఒక్క రోజు పని అని చెప్పాడు. చెట్ల సంరక్షణలో శిక్షణ పొంది 'వృక్ష వైద్యుడు' అనిపించుకునే మరొకరు గంటసేపు మాను చుట్టూ తిరిగి, కొయ్య సుత్తితో తట్టి చూసి, సగానికి మాత్రం కొట్టించవద్దని, కప్పు మీది కొమ్మను తగ్గించి ఏటా పరీక్ష చేయిస్తే చాలని అన్నారు. ఆయన అడిగే రుసుము మొదటివాడి కూలికి చాలా రెట్లు ఎక్కువ. లోపల డొల్లయిన చెట్టు మీద అంత ఖర్చు పెట్టడం వివేకమేనా?

నిలువుగీత:
వివేకం కాదని నా అభిప్రాయం. చెట్టు మీద మమకారం మంచిదే గాని, దాని కింద తిరిగేది మనుషులు. తొర్ర పడిందంటే చేవ, అంటే కాండం నడిమి గట్టి కొయ్య, పోయినట్టే; చేవ పోయిన మాను ఏ గాలివానకు కూలుతుందో ఎవరూ చెప్పలేరు. 'వృక్ష వైద్యుడు' అన్న మాటే నాకు కొంత అతిశయోక్తిగా తోస్తుంది: రోగి నోరు విప్పడు, చికిత్స ఫలించిందో లేదో తేలడానికి ఏళ్లు పడుతుంది, ఆ లోపు వైద్యుడు ఎక్కడుంటాడో తెలియదు. నరికించి, ఇంటికి దూరంగా రెండు మొక్కలు నాటించండి.

తాడూ రంపమూ:
నేను తాడు కట్టుకుని చెట్లెక్కి పనిచేసేవాడిని కనుక నా మాటలో పక్షపాతం ఉందనుకున్నా తప్పులేదు. అయితే తొర్ర పడితే బలం పోయినట్టేనన్న మాట లెక్కకు నిలవదు. గుండ్రటి కాండం వంగకుండా నిలిచే బలంలో అధిక భాగం దాని వెలుపలి పొరలదే. కాండం అడ్డుకొలతలో సగం మేర నట్టనడుమ డొల్లయితే తగ్గే బలం పదహారో వంతు, అంటే 6 శాతం పైచిలుకు మాత్రమే. 70 శాతం మేర డొల్లయినా తగ్గేది సుమారు 24 శాతం. సైకిలు చట్రాన్ని గొట్టాలతో చేయడంలోని సూత్రమూ ఇదే. చెట్ల యాంత్రిక బలాన్ని అధ్యయనం చేసిన జర్మన్ శాస్త్రవేత్త క్లౌస్ మాథెక్, మిగిలిన గట్టి గోడ మందం కాండం వ్యాసార్ధంలో 30 శాతానికి తగ్గినప్పుడు జాగ్రత్తపడాలని సూచించారు. ఆ హద్దు అన్ని చెట్లకూ వర్తిస్తుందా అన్న వాదం మా వృత్తిలో నేటికీ ఉంది. పైగా చేవ నిర్జీవమైన కొయ్య. నీటిని పైకి చేర్చేది దాని వెలుపలి కొయ్య, ఆకుల్లో తయారైన ఆహారాన్ని కిందికి దింపేది బెరడు లోపలి పొర.

నిజంగా భయపడవలసింది సగానికి కొట్టే పనికి. ఆకులన్నీ ఒక్కసారిగా పోయిన చెట్టు, దాచుకున్న ఆహారాన్ని ఖర్చుపెట్టి, కోసిన మొండేల చుట్టూ గుబురుగా కొత్త రెమ్మలు తొడుగుతుంది. చూసేవారు చెట్టు కోలుకుందని సంతోషిస్తారు. ఆ రెమ్మలు పాత కొమ్మల్లాగా కాండం లోతుల్లో నాటుకున్నవి కావు, పైపొరలకు అతుక్కున్నవి మాత్రమే. కింద మొండెం కుళ్లుతూ ఉంటుంది, పైన రెమ్మలు బరువెక్కుతూ ఉంటాయి. కొన్నేళ్లకు అదే కప్పు మీద అవే విరిగిపడతాయి.

రెండు మొక్కల సంగతికి వస్తే, 12 మీటర్ల అడ్డుకొలత గల గొడుగు పరిచే నీడను మీటరు అడ్డుకొలత గల మొక్కలతో నింపాలంటే 144 మొక్కలు కావాలి.

నిలువుగీత:
లెక్క సరైనదే, కాని మీరు లెక్కవేసింది పగులు లేని గొట్టానికి. పెరటివాడు గారి మానుకు పక్కన నోరు తెరుచుకుని ఉంది. నిలువునా చీలిన వెదురుకూ చీలని వెదురుకూ ఒకటే బలమా? డొల్ల నట్టనడుమే ఉందని ఎవరు చూశారు? అన్నిటికంటే, వేళ్ల మాటే మీరు ఎత్తలేదు.

తాడూ రంపమూ:
మీ ఆక్షేపణ న్యాయమైనది, నేను చెప్పి ఉండవలసింది. తెరిచిన తొర్రకు, ఒక పక్కకు ఒరిగిన డొల్లకు ఆ లెక్క అలాగే వర్తించదు. అందుకే సుత్తి శబ్దంతో ఆగకుండా, అనుమానం వచ్చిన చోట సన్నని బరమాను దింపి కొయ్య ఎంత గట్టిగా ఎదురిస్తుందో గీతగా నమోదు చేసే పరికరాన్నో, కాండం గుండా ధ్వని తరంగాలు పంపి చూసే పరికరాన్నో వాడతాము. ఇక వేళ్లలో ఎక్కువ భాగం నేలలో పై మీటరు లోతులోనే, కొమ్మల అంచును దాటి కూడా పరుచుకుని ఉంటాయి. గొట్టాల కోసం కందకం తవ్వినవారికి తాము సగం ఊతాన్ని తెంచామన్న సంగతి తెలియనే తెలియదు. కాండం అడుగున గట్టి పుట్టగొడుగులు పుట్టినా, ఒక పక్క నేల కొత్తగా ఉబ్బినా, పగిలినా, వాలు ఈ మధ్యే పెరిగినా, కింద మనుషులుండే చోట నరికించమని నేనే చెబుతాను, చెప్పాను కూడా.

చదువరి:
మా పెద్దలు ఇటువంటి తొర్రనే సిమెంటుతో నింపించారు. కోసిన చోట్ల తారు కూడా పూయించారు. అది మంచిదేనా?

తాడూ రంపమూ:
ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో తొర్రలు సిమెంటుతో నింపడం గొప్ప చికిత్సగా చెలామణి అయింది. గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెంటికీ నడుమ ఒరిపిడి, తేమ, కుళ్లు. అమెరికా అటవీ విభాగంలో పనిచేసిన అలెక్స్ షైగో వేలాది చెట్లను నిలువునా కోసి చూసి, 1970లలో తేల్చి చెప్పినదేమంటే, మన పుండు మానినట్టు చెట్టు గాయం మానదు. చెట్టు దాని చుట్టూ గోడ కట్టి, కుళ్లును అక్కడే నిలువరించే ప్రయత్నం చేస్తుంది. తొర్రను గీకి శుభ్రం చేయడం, నీరు పోవడానికి బెజ్జం వేయడం ఆ గోడను పగలగొట్టడమే. తారు వల్ల కుళ్లు ఆగదు. కోత ఎక్కడ పడిందన్నదే ముఖ్యం: కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడను వదిలి, దానికి ఆనుకుని వెలుపల కోయాలి. మెడతో సహా చదునుగా కోస్తే చెట్టు కట్టుకోవలసిన గోడకు పునాదే ఉండదు.

నిలువుగీత:
సగానికి కొట్టించడం మాత్రం దండగ అని ఒప్పుకుంటున్నాను. ఉంచితే సరిగా ఉంచాలి, తీస్తే పూర్తిగా తీయాలి. అయినా నా మొదటి అనుమానం తీరలేదు. కొలవకుండా చెప్పిన భరోసాకు విలువ లేదు. ఆ నిపుణుడు మిగిలిన గోడ మందాన్ని కొలిచి, చూసినదీ చూడలేకపోయినదీ కాగితం మీద రాసి ఇస్తారా?

పెరటివాడు:
ఈ ఉదయం ఆయనకు ఫోన్ చేసి అదే అడిగాను. రాసి ఇస్తానని, తొర్ర నోటికి రెండు పక్కలా, ఎదురు పక్కనా కొలుస్తానని, మొదలు చుట్టూ మట్టి తోడి వేళ్లు చూస్తానని అన్నారు. కాండం అడుగున, ఇల్లున్న పక్కన చెక్కలా గట్టిపడిన పుట్టగొడుగు ఒకటి ఉందని నేను ఇవాళే గమనించాను; ఆ మాట చెబితే ఆయన కొంతసేపు మాట్లాడలేదు. కొలతలు వచ్చేదాకా ఆ పక్క గదిలో ఎవరినీ పడుకోనివ్వవద్దన్నారు. చెట్లు కొట్టే మనిషిని రావద్దన్నాను.